అక్క విరిచిన పన్ను

పోయిన నెల ఒక మధ్యాహ్నం టీ తాగుతూ సకినం కొరికితే నా ముందు పన్ను మీది తొడుగు ఊడి అరచేతిలో పడింది. ఎప్పుడో ఆస్ట్రేలియాలో వేయించుకుని, కడపలో ఒకసారీ, ఇక్కడ మా అమ్మాయి వాళ్ళుండే మోరిస్‌విల్‌లో ఒకసారీ మళ్ళీ అతికించుకున్న తొడుగు అది. ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప. నాలుకతో తడిమితే దాని కింద ఏటవాలుగా విరిగిన సగం పన్ను పదునుగా తగిలింది.

డెంటిస్టు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. "ఆంటీ, ఇది ఎలా బ్రేక్ అయింది?" అని అడిగితే ఉన్నమాటే చెప్పాను, మా అక్క కొట్టిందని. ఆ పిల్ల చేతిలోని చిన్న అద్దం పక్కన పెట్టేసింది. నన్ను తీసుకొచ్చిన అల్లుణ్ణి బయట కూర్చోమని పంపి, తలుపు దగ్గరగా వేసి, స్టూలు నా పక్కకు లాక్కుని కూర్చుంది. "ఆంటీ, మీరు ఇంట్లో సేఫ్‌గా ఉంటున్నారు కదా? ఎవరైనా హర్ట్ చేస్తే నాకు చెప్పాలి మీరు," అంది మెల్లగా. ఈ దేశంలో వైద్యులు అలా అడగడం పద్ధతేనని నేను చదివి ఉన్నాను కనుక నొచ్చుకోలేదు. ఇప్పటి మాట కాదమ్మా, నలభై ఏళ్ళ కిందట సముద్రంలో కొట్టింది, కొట్టబట్టే బతికాను అన్నాను. ఆ మాట విని ఆ పిల్ల ఇంకాస్త భయపడింది.

ఆ సకినాలు పంపింది కూడా మా అక్కే. అక్క అంటే తోడబుట్టింది కాదు. నర్సింగ్ చదివే రోజుల్లో ఒక గదిలో ఉన్నాం, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది, కరీంనగర్ వైపు మనిషి. ఇప్పుడు ఈ దేశంలోనే ఇర్వింగ్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. పెళ్ళిళ్ళయ్యాక ఎవరి దారి వాళ్ళదై, పాతికేళ్ళు ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా గడిచాక, పాత స్నేహితులెవరో మొదలుపెట్టిన వాట్సాప్ గ్రూపులో దొరికింది. దొరికిన సంతోషం మొదటి ఫోనులోనే సగం చచ్చిపోయింది, ఎందుకంటే ఆవిడ నన్ను "మీరు" అంది. "బాగున్నరా అండి, సారు ఆరోగ్యం ఎట్లున్నది," అని అడిగింది. ఒకప్పుడు "ఏందే పిల్లా" తప్ప నన్ను మరో మాటతో పిలిచి ఎరగదు. అక్కా, నన్ను మీరు అనకు అని ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా. "ఎట్లంటమండి, పెద్దోళ్ళయినం," అని నవ్వేసింది. నెలకోసారి మాట్లాడుకుంటూనే ఉన్నాం, మోకాళ్ళ నొప్పుల గురించీ మనవళ్ళ గురించీ, పరాయివాళ్ళలాగే. నా వయసువాళ్ళకు ఈ బాధ చెప్పకుండానే తెలుస్తుంది. మనల్ని నువ్వు అనేవాళ్ళు ఏటికేడు తగ్గిపోతుంటారు, ఉన్న ఒక్క మనిషీ మీరు అంటే మింగుడుపడదు.

నేను బళ్ళో నేర్చుకున్నది తక్కువ, మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నది ఎక్కువ. ఇంట్లో చదివినవాళ్ళు లేరు, ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు. బీరువాలో పై అర నుంచి మొదలుపెట్టి కింది అర దాకా వరసగా చదువుకుంటూ వచ్చాను, ఇంగ్లీషు కూడా అలా వచ్చిందే. సముద్రం చూడకముందే ఆటుపోట్లకు చంద్రుడు ఎలా కారణమో చెప్పగలిగేదాన్ని. నర్సింగ్ రెండో ఏట, విద్యార్థుల మార్పిడి కింద ఒక ఆర్నెల్లు ఆస్ట్రేలియా పంపడానికి పిల్లల్ని ఎంచినప్పుడు, ఇంగ్లీషులో అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబు చెప్పడం వల్లే నాకు అవకాశం వచ్చింది. అక్కకు మాత్రం ఆటల వల్ల వచ్చింది, కాలేజీ కబడ్డీ జట్టుకు నాయకురాలు. ఆమె నన్ను అందరి ముందూ లైబ్రరీ పిల్ల అనేది. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

మమ్మల్ని సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో ఉంచారు. ఆవిడకు డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో, శని ఆదివారాల్లో తన ఇంట్లో ఎవరూ కుర్చీలో కూర్చోకూడదని నియమం పెట్టింది. అలా గడిచిన ఒకే ఒక్క శని ఆదివారాల సంగతి నేనిప్పుడు చెబుతున్నది.

శనివారం పొద్దున్నే సైకిళ్ళు ఇచ్చి తోలింది. అది అక్కడి వసంతకాలం, మ్యాగ్‌పై అనే నలుపూ తెలుపూ పిట్టలు గుడ్లు పెట్టుకుని, చెట్టుకింద పోయే ప్రతి మనిషినీ శత్రువుగా చూసే రోజులు. అవి మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటాయని ఆ ఊరి లైబ్రరీలో చదివాను, అక్కకు వివరంగా చెబుతూనే ఉన్నాను, అంతలో వెనకనుంచి ఒకటి వచ్చి నా చెవి చీల్చింది. నెత్తురు మెడ మీదుగా జాకెట్టులోకి కారింది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి అక్క నెత్తిన పొడిచింది. అక్క సైకిలు కింద పడేసి, చెప్పు చేతబట్టి, చెట్టు కింద నిలబడి దాన్ని కరీంనగర్ తిట్లన్నీ తిట్టింది. ఇంటికి పోతే పెద్దావిడ కడుపు పట్టుకుని నవ్వి, ఐస్‌క్రీం డబ్బాలకు వెనక వైపు కళ్ళు గీసి నెత్తిన బోర్లించుకోమంది. కళ్ళు చూస్తే పిట్ట వెనకాడుతుందట. అక్క కళ్ళతో ఊరుకోలేదు, కోరలూ మీసాలూ పెట్టి అచ్చం దిష్టిబొమ్మను దించింది. అవి నెత్తిన పెట్టుకుని, కింద నా పొడుగు జడ ఊగుతుండగా, ఇద్దరం మళ్ళీ అదే దారిన పోయాం. పిట్ట దిష్టిబొమ్మను కూడా పొడిచింది.

మధ్యాహ్నం ఇసుకలో బంతి ఆట. మాలాగే వచ్చిన బ్రెజిల్ వాళ్ళూ జర్మనీ వాళ్ళూ జపాను వాళ్ళూ ఉన్నారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ళను తాకితే చాలు, పడదోయకూడదని నియమం చెప్పారు. మొదటి గడియలోనే అది ఎవరికీ గుర్తులేదు. ఎవరి మోచేయో తగిలి నా పెదవి చిట్లింది, జపాను అమ్మాయికి ముక్కు వెంట ధారగా రక్తం. అక్క బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తుతూ, ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని కూత తీసింది. కూత లేకుండా అవతలివాళ్ళ గడ్డమీదికి పోవడం ఆమెకు చేతకాదు. అది ఏ మంత్రమో అనుకుని బ్రెజిల్ కుర్రాళ్ళు పక్కకు తప్పుకున్నారు. తప్పుకోని ఒక జర్మనీ కుర్రాణ్ణి చీలమండ పట్టి లాగితే, ఆరడుగుల మనిషి వెల్లకిలా పడి కాసేపు ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం దెబ్బలన్నిటికీ మేమిద్దరమే కట్లు కట్టాం. నర్సులం కదా.

ఆదివారం పెద్దావిడ మమ్మల్ని సముద్రం దగ్గర దించి, తినడానికేమైనా తెస్తానని వెళ్ళింది. ఒడ్డున కొంత ఎడంగా రెండు జెండాలు పాతి ఉన్నాయి, సగం ఎరుపు, సగం పసుపు. "పసుపు కుంకుమ లెక్క ఉన్నయి గదనే, ఏమన్న పూజనా," అంది అక్క. ఎరుపంటే లోకమంతా ప్రమాదమే అని నేనన్నాను. పూజ అయినా ప్రమాదమైనా మధ్యలో పోయి చెరచడమెందుకని, మర్యాదగా చెప్పులు చేతబట్టుకుని జెండాలకు చాలా దూరం నడిచాం. నిజానికి కాపలావాళ్ళు కనిపెట్టి చూసే చోటు ఆ జెండాల మధ్యనే. ఈత కొట్టేవాళ్ళు అక్కడే ఉండాలి. ఆ దేశంలో పుట్టినవాళ్ళకు అది ఎంత తెలిసిన సంగతంటే, మాకు చెప్పాలని పెద్దావిడకు తోచనే లేదు.

మేం పోయిన చోట అటూ ఇటూ అలలు నురగలు కక్కుతుంటే, మధ్యన నల్లగా, నెమ్మదిగా, మా ఊరి కాలువలా ఒక పాయ కనబడింది. భయస్థులకు దేవుడు చేసిపెట్టినట్టుంది అనుకుని అందులోకే దిగాం. అలలు విరిచి ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదేననీ, అందుకే అక్కడ అల లేవదనీ, దాన్ని రిప్ అంటారనీ తర్వాత లైబ్రరీలో చదివాను. అప్పటికి నాకు తెలిసిందల్లా, నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి కాళ్ళ కింద ఇసుక కరిగి జారిపోవడం, మరుక్షణం కాళ్ళకు ఏమీ అందకపోవడం.

నాకు ఈత రాదు. అక్కకు వచ్చు, చిన్నప్పుడు వాళ్ళ మేనమామ నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి వ్యవసాయ బావిలోకి తోసి నేర్పాడు. నేను చెయ్యగలిగింది ఒకటే, రెండు చేతులూ అక్క మెడకు వేసి బిగించాను. ఇద్దరం మునిగాం. పైకి తేలినప్పుడు "ఇడువే, ఇద్దరం సస్తం, ఇడువు," అని అరిచింది. నేను వదల్లేదు. నా వేళ్ళు విడదీయబోయింది, మణికట్టు కొరికింది, కడుపులో తన్నింది. నాకు గాలి కావాలి, అంతే. దానికోసం ఆమె భుజాలెక్కాను, ఆమె తల నా మోకాళ్ళ కింద నీళ్ళలో ఉంది. ఎలా వచ్చిందో పైకి వచ్చింది. పిడికిలి బిగించి నా మూతి మీద గుద్దింది.

కళ్ళ ముందు తెల్లగా మెరిసింది. నోట్లో ఏదో పుటుక్కుమంది. సముద్రపు ఉప్పు వేరు, నెత్తుటి ఉప్పు వేరు, ఆ రెండూ ఒకేసారి నాలుకకు తెలిశాయి. చేతులు సడలాయి. ఆ సడలిన క్షణంలోనే నన్ను వెల్లకిలా తిప్పి, నా జడ పట్టుకుని, మోకుతాడులా తన చేతికి చుట్టుకుంది. నా చేతులు తనకు అందకుండా బారెడు దూరాన ఉంచి, "కూత పట్టవే పిల్లా, ఊపిరి ఇడువకు," అంది.

కబడ్డీ ఎప్పుడూ ఆడనిదాన్ని, ఆమె ఆడుతుంటే గీత అవతల కూర్చుని ఎన్నిసార్లు చూశానో. కూత అంటే ఏమిటో తెలుసు. ఊపిరి తెగితే ఆట అయిపోయినట్టే. అల వచ్చి మీద పడబోయేముందు ఆమె "కూత" అని కేకపెట్టేది, నేను నోరు మూసేదాన్ని. పడిన అల వీపు మీద బండతో బాదినట్టు బాదేది. లేచేవాళ్ళం, మళ్ళీ "కూత" అనేది. ఒడ్డున మనుషులు గింజలంత అయిపోయారు. ఎదురీదడం మానేసి అక్క పక్కకు, నురగ వైపు లాగింది. అక్కడ లాగుడు తగ్గింది గాని అలలు మమ్మల్ని అమాంతం ఎత్తి ఇసుక మేట మీద విసిరాయి. నా భుజం నేలకు కొట్టుకుంది, అక్క వచ్చి నా మీద పడింది, ఆమె మోకాలు నా పక్కటెముకల్లో దిగింది. లేచేలోపు ఇంకో అల. జుట్టు కుదుళ్ళతో ఊడి వస్తుందనిపించింది, అయినా ఆ పట్టు సడలలేదు. పొడుగు పలకల మీద పడుకుని తెడ్డేసుకుంటూ ఇద్దరు కాపలావాళ్ళు వచ్చారు, వాళ్ళ టోపీలు కూడా అదే ఎరుపూ పసుపూ. నన్ను పలక మీదికి లాగబోతే అక్క జడ వదల్లేదు. వాళ్ళలో ఒకతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది.

ఒడ్డున తాగిన నీళ్ళన్నీ కక్కుకున్నాను. ఊపిరి అందిందని తెలిశాక అక్క నా వీపు మీద మళ్ళీ ఒకటి గట్టిగా చరిచింది, ఆ చరిచిన చేత్తోనే నన్ను దగ్గరకు లాక్కుని ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే, "నీ లైబ్రరీల ఈత నేర్పే పుస్తకం లేదానే," అంది. కాపలా మనిషి జెండాల సంగతి విడమరిచి చెబుతుంటే, అక్క నెత్తురోడుతున్న చేత్తో నా మూతి తుడుస్తూ, "గంతే గదా, పసుపు కుంకుమల నడుమ సల్లగ ఉండమని," అని నవ్వింది. ఆ చెయ్యి రెండు రోజుల్లో వాచి పుండైంది. డాక్టరు కోసి చూస్తే వేలి కణుపులో నా పన్ను ముక్క ఉంది.

మోరిస్‌విల్ డెంటిస్టు కొత్త తొడుగు తయారై రావడానికి వారం పడుతుందంది. ఆ వారం మధ్యలో నేను అక్కకు ఫోను చేశాను, ఎప్పుడూ లేనిది వీడియోలో. ఆవిడ వంటింట్లో ఉంది, కళ్ళద్దాలు సర్దుకుంటూ, "నమస్తే అండి, బాగున్నరా, సకినాలు అందినయా," అంది. నేను పై పెదవి ఎత్తి చూపించాను. ఆవిడ ఫోను దగ్గరకు తెచ్చుకుంది.

"ఏందే పిల్లా, ఇంకా అట్లనే ఉన్నదా," అంది అక్క.

తర్వాత తన కుడిచేతి పిడికిలి బిగించి తెర నిండా చూపించింది. మధ్యవేలి కణుపు మీద తెల్లటి గాటు. "ఎంత లోతు దిగిందో సూడు. కుక్కపిల్ల లెక్క పండ్లు నీయి. ఈత నేర్సుకున్నవా ఇప్పటికన్న?" లేదన్నాను. "నేర్సుకోవే. ఇప్పుడు నీకు జడ గూడ లేదు, దేన్ని పట్టుకోవాలె," అంది. అక్కడ పొయ్యి మీద కూర మాడింది, ఇక్కడ మా అమ్మాయి రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయింది, మేం ఆపలేదు. పిట్టనూ జర్మనీ కుర్రాణ్ణీ పెద్దావిడనూ అందరినీ తలుచుకున్నాం. ఇద్దరు ముసలమ్మలం ఒకరినొకరు ఒసే అనుకున్నాం.

మా మనవరాలు ఇక్కడ ఈత నేర్చుకుంటోంది. నేర్పే అమ్మాయి పిల్ల చెయ్యి పట్టుకునే ముందు పట్టుకోనా అని అడుగుతుంది. మంచి పద్ధతే, ఎవరినీ ఎవరూ కొట్టకూడదు, ఏ పిల్లా నాలా పళ్ళు విరగ్గొట్టుకుని బతకనక్కరలేదు. లోకం మెత్తబడింది, నేనూ అదే కోరుకున్నాను. కానీ ఆ ఈత కొలను గట్టున కూర్చున్నప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది, అడగకుండా నా జడ పట్టుకోగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేదని.

వారం తిరిగాక కొత్త తొడుగు వేశారు. పక్క పన్నుతో సరిగ్గా కలిసిపోయింది. ఇంటికి రాగానే అక్కకు వీడియో చేసి, నవ్వి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

"శాన బాగున్నదండి," అంది. "విరిగిన పన్నంటే ఎవరు నమ్మరు."

నాలుకతో తడుముకున్నాను. అక్కడంతా నున్నగా ఉంది.