ఎండలో భోజనాల ఫొటో

ఆ ఫొటోను ఎవరైనా మెచ్చుకుంటే నా మనసు ఇప్పటికీ ముడుచుకుపోతుంది. ఏళ్లుగా మోస్తున్న బరువు ఇది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు ఆళ్లగడ్డలో విలేకరిగా కొత్తగా చేరాను. ఫోన్‌తో ఫొటోలు, వీడియోలు తీయడం నంద్యాల ఆఫీసులో నేర్పారు. ముఖం మీద వెలుతురు పడాలి అన్నదొక్కటే నా బుర్రకెక్కింది. తర్వాత, పక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం మీద వార్తకు వెళ్లాను. పిల్లలు గదిలో చక్కగా కూర్చుని తింటున్నారు. ఫోన్‌లో చూస్తే అంతా చీకటి. వంట చేసే సువార్తమ్మకు చెప్పి పిల్లల్ని కంచాలతో సహా బయట కూర్చోబెట్టించాను. పాపం, ఎండకు కళ్లు చికిలించుకున్నారు. ఫొటో మాత్రం అదిరింది.

మరునాడు జిల్లా పేజీలో పైనే వేశారు. ‘గదుల్లేక ఎండలోనే అన్నం’ అని శీర్షిక. అది నేను రాయలేదు, డెస్కు వాళ్లు రాశారు. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సమర్థన ఇదే. కానీ ఫోన్ చేసి అది తప్పని చెప్పడానికి నాకేం అడ్డొచ్చింది? పేజీలో నా పేరు చూసుకుని మురిసిపోతున్నాను. అదే అడ్డొచ్చింది.

అధికారులు వచ్చారు. గది ఉండగా పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టిందని సువార్తమ్మను పనిలోంచి తీసేశారు. ఆమె నన్ను వెతుక్కుంటూ ఆళ్లగడ్డ వచ్చింది.

“బయట కూర్చోబెట్టమనింది నువ్వే కదా నాయనా. ఊర్లో అందరూ నన్నే అంటాండారు. ఆ మాట సార్లకు చెప్పు, సాలు.”

“మాట్లాడతాలే అక్కా. నువ్వు పో.”

“నేను చెప్తే నమ్మల్యా. నువ్వు చెప్తే నమ్ముతారప్పా.”

అధికారులకు ఆ మాట చెప్పనేలేదు. భయమా? ఫొటో కోసం పిల్లల్ని కదిలించానని తెలిస్తే నన్ను తీసేస్తారన్న భయం ఉన్నమాట నిజమే గానీ, వంటమనిషి ఎక్కడో ఒకచోట పని చూసుకుంటుందిలే అని తేలిగ్గా అనుకున్నాను కూడా, అది ఇంకా సిగ్గుచేటు. తర్వాత ఒకసారి ఆమె మిరపకాయల కోతకు పోయే కూలీల ఆటోలో కనిపించింది. నేను తల తిప్పుకున్నాను.

ఇప్పుడు నంద్యాలలో కొత్త విలేకరులకు ఫొటోలు తీయడం నేనే నేర్పుతున్నాను. మొన్న ఒకమ్మాయి ఆ ఫొటో చూసి, నిజంగానే బడిలో గదులు లేవా సార్ అని అడిగింది. లేవన్నాను. ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చింది?

గది ఉంది. ఫ్యాను కూడా తిరుగుతోంది. పిల్లల్ని ఎండలోకి రప్పించింది నేను. సువార్తమ్మ తప్పేమీ లేదు. ఈ నాలుగు మాటలు ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమె మాత్రం ఇంకా కూలికే పోతోంది.