చెరువులో చచ్చేవి రొయ్యలు, చావనిది అహం

రాజోలు దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద మాణిక్యాలరావు గారి మాటకు తిరుగులేదు. మస్కట్‌లో పదకొండేళ్లు ఏసీలు బాగుచేసి వచ్చిన మనిషి. యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకం చదవడమంటే ఆయనకు నామోషీ. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు కొన్ననాడే దాన్ని మెడలో వేసుకుని ఊరేగారు.

ఆరు నెలలకు ఆ మీటరుకు నీళ్లలో ముంచే ప్రోబు కొన మీదున్న పల్చటి పొర చిరిగి, లోపలి ఉప్పు ద్రావణం కారిపోయింది. ఆయన ప్రోబులో కొబ్బరినీళ్లు నింపి, పొర బదులు పాలకవరు ముక్క బిగించి కట్టారు.

"రెండింట్లోనూ ఉప్పే కదండీ!" అన్నారు గర్వంగా.

అప్పట్నుంచి ఎక్కడ ముంచినా మీటరు ఆరు దగ్గరే నిలిచింది. ఆరుంటే రొయ్యలకు సుఖమే. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లను ఆయన ఆపించేశారు.

ఒక మబ్బు పట్టిన ఉదయం ఆయన భార్య నాగదుర్గ మేత తెచ్చి చూస్తే, రొయ్యలు గట్టువారకు చేరి పైకి తేలుతున్నాయి.

"ఏవండీ, ఇవి ఊపిరాడక కొట్టుకుంటన్నాయండీ. ఏరియేటర్లు వేద్దామండీ."

"మీటరు ఆరు చూపిస్తంటే! నీ కళ్లు గొప్పా, మిషను గొప్పా?"

"ఆయ్, మిషనేనండీ," అని ఆవిడ తిన్నగా వెళ్లి స్విచ్చి వేసింది.

అయినా మధ్యాహ్నానికి సగం రొయ్యలు పోయాయి. నీళ్లు పరీక్షించే ల్యాబు నుంచి ప్రసన్న అనే అమ్మాయి వచ్చింది. బాగా కాచి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లలో ప్రోబు ముంచింది. అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మీటరు ఆరే అంది.

"బాబాయిగారూ, నీళ్లలో ఆక్సిజన్ ఈ పొరలోంచి లోపలికెళ్లి లోహం మీద ఖర్చవుతుందండీ. అప్పుడు సన్నగా కరెంటు పుడుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే కరెంటు ఎక్కువ. ఆ కరెంటునే మీటరు అంకె చేసి చూపిస్తుందండీ. మీ పాలకవరు ఆక్సిజన్‌ని సరిగా వెళ్లనివ్వదు. కొబ్బరినీళ్లు లోహాన్ని పాడుచేసి దొంగ కరెంటు పుట్టించాయండీ."

మాణిక్యాలరావు గారు ఆ సాయంత్రం చచ్చిన రొయ్యలను తానే తట్టలకెత్తి గోతిలో పూడ్చారు. అన్నం ముట్టలేదు. "కొబ్బరినీళ్ల సంగతి ఎవరికీ చెప్పకే," అని మాత్రం భార్యను బతిమాలారు.

ఇప్పుడు కొత్త ప్రోబు నాగదుర్గ చేతిలో ఉంది. వారం వారం దాన్ని కడుగుతుంది, పొర చూస్తుంది, గాలిలో పెట్టి అంకె సరిచేస్తుంది. పక్కనే నిలబడి ఆయన, "జాగ్రత్త, సున్నితమైన సరుకు," అని సలహాలిస్తుంటారు.