మేడ మీది ముద్ర

సిద్దిపేటలో రాజలింగం గారి హైస్కూలుకు మూడు అంతస్తులు. కింది రెండింటిలో బడి, మూడో దాంట్లో ఆయన సంసారం. కింద రెండో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తుంటే పైనుంచి పోపు వాసన దిగివస్తుంది. ఆ వాసన పట్టుకుని ఆ పూట కూరేమిటో పెద్ద తరగతుల పిల్లలు పందెం వేసుకుంటారు. బడికి కరస్పాండెంటు రాజలింగం గారే. కాగితాల మీద సంతకం ఆయనదే. ముద్ర మాత్రం పైన ఉంటుంది.

ముద్ర అంటే బడి పేరున్న గుండ్రటి రబ్బరు స్టాంపు. బడి పెట్టిన కొత్తలో ఒక గుమాస్తా దొంగ టీసీలు రాసి, వాటి మీద ముద్ర కొట్టి అమ్ముకున్నాడు. వాడిని వెళ్లగొట్టిన రోజే రాజలింగం గారి భార్య సిద్ధమ్మ ఆ స్టాంపును పైకి తీసుకుపోయి వంటింటి అల్మారాలో, పప్పు డబ్బాల వెనక పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆమె నడుముకే. అప్పటినుంచి పిల్లవాడికి టీసీ కావాలన్నా, బోనఫైడ్ కావాలన్నా, టీచరుకు సెలవు కావాలన్నా కాగితం మూడో అంతస్తు ఎక్కాల్సిందే. ఇప్పుడు వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. అయినా గుండ్రటి ముద్ర లేని కాగితాన్ని సిద్దిపేటలో ఏ తండ్రీ మడిచి జేబులో పెట్టుకోడు. సిద్ధమ్మకు చదువు రాదు. కాని ఏ కాగితం ఎవరి కోసమో అడిగి తెలుసుకోనిదే అల్మారా తెరవదు. మనసుకు నచ్చకపోతే రేపు చూద్దాం తియ్ అంటుంది. ఆ రేపు ఒక్కోసారి నెలకు కూడా రాదు.

ఈ కాగితాలు పట్టుకుని పైకెక్కి, సిద్ధమ్మ స్టాంపు తీసిస్తే కొట్టుకుని వచ్చే హక్కు ఇరవై రెండేళ్లుగా ఒక్కరిదే. ఆమె సోషల్ టీచరు జ్ఞానేశ్వరి.

జ్ఞానేశ్వరి పుట్టింది నంగునూరులో. పెళ్లి చేసుకుని సిద్దిపేట వచ్చింది. భర్త నరేందర్‌కు మోటార్ల వైండింగు షాపు. పగలంతా రాగి తీగ చుట్టి చుట్టి ఇంటికి వచ్చాక రెండు మాటలు మాట్లాడతాడు, ఆ రెండూ సూటిగా ఉంటాయి. అందుకని ఆమె వాటిని పెద్దగా పట్టించుకోదు.

ఏడో తరగతిలో మొగలుల పాఠం వచ్చిందంటే జ్ఞానేశ్వరికి పండగ. పుస్తకంలో నాలుగు పేజీలు ఉంటే ఆమె మూడు వారాలు చెప్పేది. అక్బరు గెలిచిన కోటలన్నీ ఒక్క పీరియడ్‌లో గెలిపించేసి, చెప్పులు విడిచినంత మెల్లగా రాణులుండే జనానాలోకి అడుగుపెట్టేది. పరదా వెనక ఎవరు ఎవరితో మాట మానేశారో, ఎవరి దాసీ ఎవరి కబురు మోసిందో, నూర్జహాన్ పేరు నాణేల మీదికి ఎట్లా ఎక్కిందో పక్కింటి ముచ్చటలా చెప్పేది. "షాజహాను దస్కతు పెడితే అయిపాయె అనుకుంటున్నరా? ముద్ర లోపల ముంతాజ్ బేగం దగ్గరుండె. గా ముద్ర పడకపోతే ఫర్మాను ఉత్త కాగితమే" అంటున్నప్పుడు ఆమె చూపుడువేలు తనకు తెలియకుండానే సీలింగు వైపు లేచేది. పిల్లలు పైకి చూసి ముసిముసిగా నవ్వేవాళ్లు. చాటున ఆమెను నూర్జహాన్ టీచర్ అనేవాళ్లు. ఆ పేరు చెవిన పడితే ఆమె కనుబొమలు ముడిచేది కాని, ఇంటికి పోయాక అద్దం ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడేది.

ఆమెకు కావలసింది ఒకటే. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ. ఏప్రిల్ ఆఖరున పాత మేడం రిటైరై పోతే ఆ కుర్చీ ఖాళీ అయింది. వీపు దగ్గర ఆమె వేసుకున్న తువ్వాలు ఇంకా అట్లాగే ఉంది. జూన్‌లో చూద్దామన్నారు రాజలింగం గారు. అందరికన్నా ముందు చేరింది జ్ఞానేశ్వరే, రెండు పీజీలున్నది ఆమెకే. కాని వరుసను బట్టి ఎవరికీ సింహాసనం రాదని ఆమె ఇరవై రెండు బ్యాచ్‌లకు పాఠం చెప్పింది. అందుకే పైఅంతస్తును పదేళ్ల కిందటినుంచే మచ్చిక చేసుకుంటూ వచ్చింది. పెద్ద కోడలు సింధుజ వంటింటి మనిషి. కాగితం పట్టుకుని పోయినప్పుడల్లా ఆమె చేతి చాయ్ తాగి, ఆమె తొక్కులను మెచ్చుకుని, తోడికోడలి మీది ఫిర్యాదులు విని తల ఊపేది. చిన్న కోడలు లాస్య దగ్గర పెద్ద కోడలి మీది ఫిర్యాదులు విని అంతే శ్రద్ధగా తల ఊపేది. ఇద్దరికీ కావలసినదానిలా ఉండటమే జనానాలో బతికే తీరు అని ఆమె నమ్మకం.

లాస్య బీఈడీలో చేరినప్పుడు రికార్డులన్నీ జ్ఞానేశ్వరే రాసిపెట్టింది. నలభై పాఠ్య పథకాలు, రంగు పెన్నులతో పటాలు. రెండు వేసవి సెలవులు వాటికే పోయాయి. రాజకుటుంబపు స్త్రీల మీది పథకానికైతే ఆగ్రా కోట బొమ్మ కూడా వేసింది. నరేందర్ ఒకరోజు భుజం మీదినుంచి తొంగి చూసి, "గీ రాతంత నువ్వు రాస్తే రేపు మేడమయ్యేది ఎవలే?" అన్నాడు. రాగి తీగ చుట్టేవాళ్లకు రాజకీయం ఏం తెలుస్తుందని ఆమె నవ్వింది. కుర్చీ ఖాళీ అయిన ఈ మే నెలలో ఎవరికీ చెప్పకుండా ఒక గొల్లభామ చీర కొని బీరువాలో అడుగున దాచింది. మెరూన్ రంగు, అంచునిండా తల మీద కడవలు పెట్టుకున్న గొల్లభామలు. కుర్చీలో కూర్చునే మొదటి రోజు కోసం.

జూన్ రెండో వారంలో సిద్ధమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. హైదరాబాదుకు పోయి రెండూ మార్పించుకోవాలన్నారు. రెండు నెలలు అక్కడే కూతురింట్లో ఉండాలి. ఆయమ్మ కొండవ్వ పొద్దున బడి ఊడ్చి మధ్యాహ్నం పైన అంట్లు తోముతుంది కాబట్టి కబురు రెండు దిక్కులా ఆమెతోనే నడుస్తుంది. ఇప్పుడు కోడళ్లిద్దరూ చెరొక మోకాలు పంచుకుని నూనె రాస్తున్నారని ఆమె చెప్పింది. ఆ మోకాళ్లకు జన్మలో అంత మర్యాద జరగలేదట.

ఆ వారమే ఒక టీసీ తీసుకుని జ్ఞానేశ్వరి పైకి పోయింది. సిద్ధమ్మ మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నది. కోడళ్లు లేరు. పక్కన కూర్చోమని చేత్తో జాగ చూపించి, మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, నాకు సదువు రాదు. నీకు రాజుల ఇండ్లల్ల ముచ్చట్లన్ని ఎరుకే. నేను దవాఖానకు పోతే గీ ముద్ర ఎవలకిచ్చి పోవాల్నే?"

జ్ఞానేశ్వరి టీసీని ఒళ్లో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. నాకివ్వు అనడానికి ఇంత చదువు అక్కర్లేదు. చరిత్ర తెలిసిన మనిషి అట్లా అడగదు. అందుకని కథ చెప్పింది. ముంతాజ్ బేగం చనిపోయినప్పుడు రాజుకు వేరే భార్యలున్నారు, వాళ్లలో ఒకరికి ముద్ర పోతుందని అందరూ అనుకున్నారు, చివరికి అది పదిహేడేళ్ల కూతురు జహనారా చేతికి వచ్చింది.

"వరుస చూసి ఇయ్యలే పెద్దమ్మా. నమ్మకం చూసి ఇచ్చిన్రు. దగ్గరుండి పని చేసినోళ్లకు, ఏ ఆశ లేనోళ్లకు" అని, ఏ ఆశా లేని మనిషి ఎట్లా కూర్చుంటుందో అట్లా కళ్లు దించుకుని కూర్చుంది.

సిద్ధమ్మ ఒక గింజ తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది. "పదిహేడేండ్ల పోరికి ఇచ్చిండా" అన్నది తనలో తాను. కొంచెం ఆగి, "మంచి మాట చెప్పినవ్ బిడ్డా" అన్నది.

దిగేటప్పుడు జ్ఞానేశ్వరి మెట్లు లెక్కపెట్టుకోలేదు. ఆఖరి మెట్టు ఇంకొకటి ఉందనుకుని గాలిలో కాలు వేసి, పడబోయి, గోడ పట్టుకుని, ఎవరైనా చూశారేమో అని చూసుకుంది. ఐదో తరగతి మొత్తం చూసింది.

సోమవారం సిద్ధమ్మ హైదరాబాదు పోయింది. మంగళవారం కాగితం తీసుకుని పైకెక్కిన జ్ఞానేశ్వరికి అల్మారా తాళంచెవి కనిపించింది. లాస్య పంజాబీ డ్రెస్సు వేసుకుంటుంది కాబట్టి దానికి నడుము దొరకలేదు. ఆమె మెడలో ఐడీ కార్డు తాడుకు వేలాడుతున్నది.

ఏదో చెప్పాలని జ్ఞానేశ్వరి వంటింటి గడప దగ్గర నిలబడింది. పదేళ్లలో మొదటిసారి సింధుజ చాయ్ పెట్టలేదు. పొయ్యి మీదినుంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"చాయ్ చిన్న బేగం దగ్గర తాగుండ్రి మేడం. మా ఇంట్ల ఎవలెక్కువ, ఎవలు తక్కువ మీరే చెప్తున్నరంట గద."

అసలు సంగతి నీళ్ల ట్యాంకు దగ్గర కొండవ్వ చెప్పింది. పోయే ముందు సిద్ధమ్మ కోడళ్లిద్దరినీ పిలిచి, పెద్దదాని చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుందట. నాకేం తెలవదు బిడ్డా, చదువుకున్న టీచరమ్మను అడిగిన, రాజుల ఇండ్లల్ల గూడ వరుస చూడలేదట, చిన్నదానికే ఇచ్చిన్రట, నా మీద మనసుల పెట్టుకోకు అన్నదట. జ్ఞానేశ్వరి అడ్డు తగిలి, నేను చిన్న కోడలి పేరే ఎత్తలేదని, పెద్దమ్మ వేరే తీరుగా అర్థం చేసుకుందని చెప్పబోయింది. కొండవ్వ ఆమెను జాలిగా చూసింది.

"అర్థం గాకేంది టీచరమ్మా. ముద్ర లాస్యమ్మకే అని ఉగాది నాడే నాతోటి అన్నది. పెద్దామె అలుగుతదని ఎవల మీదనో పెట్టాలె గద. మరి టీచరమ్మకే ఇయ్యరాదా, ఇన్నేండ్ల సంది తిరుగుతున్నది అని నేనే అడిగిన."

"ఏమన్నది?"

కొండవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంకాసేపు తుడుచుకుంది.

"నవ్వింది. ఆమె మెట్లెక్కుడు వరకే కొండీ, అన్నది."

ఆ రోజు ఆఖరి పీరియడ్‌లో జ్ఞానేశ్వరి పిల్లలకు పటంలో నదులు గుర్తించమని ఇచ్చి, కిటికీ పక్కన కూర్చుండిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి చింతపండు గింజలు తీస్తూ తీస్తూ తనను కూడా ఒక గింజలాగా తీసి పక్కన వేసింది. అట్లాంటివాళ్ల గురించే ఆమె రెండు పీజీలు చదివింది.

అయినా మనిషి ఆశ సంగతి మీకు తెలిసిందే. సాయంత్రానికి ఆమె మళ్లీ లెక్క వేసుకుంది. ముద్ర వేరు, కుర్చీ వేరు. ముద్ర ఇంటి వ్యవహారం, కుర్చీ బడి వ్యవహారం. దాని మీద సంతకం రాజలింగం గారిది. సంతకం ఒక్కదానితో ఏదీ తేలదని తానే ఏటేటా వేలెత్తి మరీ చెప్పే సంగతి ఆ సాయంత్రం ఆమెకు గుర్తు రాలేదు. శుక్రవారం రాజలింగం గారు స్టాఫ్‌రూంలోకి వచ్చి, రేపు హెడ్‌మిస్ట్రెస్ ఆర్డరు తీస్తున్నానని, ఆమెను జర జల్ది రమ్మని అందరి ముందు చెప్పేసరికి ఆ లెక్క పూర్తిగా కుదిరింది.

శనివారం పొద్దున గొల్లభామ చీర కట్టుకుంది. నరేందర్ చీరను చూసి, ఆమె మొహం చూసి, ఏదో అనబోయి టిఫిను తినడం మొదలుపెట్టాడు. బడి గేటు దగ్గర ఆరో తరగతి పిల్లలు కొత్త చీరను చూసి హ్యాపీ బర్త్‌డే టీచర్ అని చుట్టుముట్టారు. ఒక పిల్ల చాక్లెట్ చేతిలో పెట్టింది. కాదని చెప్తే మరి ఎందుకు కట్టుకున్నారని అడుగుతారు. అందుకని థాంక్యూ చెప్పి, చాక్లెట్ వాళ్ల ముందే నోట్లో వేసుకుంది.

రాజలింగం గారు కవరు అందించారు. చూపు ఫ్యాను మీద పెట్టారు. "పైన ముద్ర కొట్టిచ్చుకొని రాండ్రి మేడం. మీరైతెనే పని మంచిగైతది" అన్నారు.

రెండో అంతస్తు మలుపులో ఆమె కవరు తెరిచింది. శ్రీమతి లాస్య, బీఈడీ, ప్రధానోపాధ్యాయురాలిగా నియామకం. కింద ఇంకొక వాక్యం ఉంది. సీనియర్ ఉపాధ్యాయురాలు జ్ఞానేశ్వరి అన్ని విధాలా వారికి సహకరించవలెను. ఆమె పేరులో ఒత్తు తప్పు పడింది. కింద ప్రార్థన గంట కొడుతున్నారు. దిగిపోతే బడి అంతా వరుసల్లో నిలబడి ఉంటుంది, ఆ చీరతో వాళ్ల మధ్యనుంచి నడవాలి. యాభై రెండేళ్ల మనిషిని ఈ ఊళ్లో ఇంకే బడి తీసుకుంటుంది. కాగితాన్ని మళ్లీ మడతల ప్రకారమే మడిచి పైకి ఎక్కింది.

లాస్య ఆమెను చూసి లేచి నిలబడింది. ఆ పిల్ల మొహంలో నిజంగానే సిగ్గు ఉంది. "మామయ్య వాళ్లే అన్నరు టీచర్. మీరేం అనుకోకున్రి. మీరుంటరని ధైర్యం నాకు" అన్నది. అల్మారా తెరిచి స్టాంపు తీసి, తన పేరున్న కాగితం మీద కొట్టింది. సగం వంకాయ రంగు, సగం తెలుపు. బడి పేరులో మూడు అక్షరాలు పడలేదు. మళ్లీ గట్టిగా నొక్కింది. ఈసారి మచ్చ మాత్రం పడింది.

"గిట్లెందుకొస్తున్నది టీచర్? మీరు కొడితే మంచిగొస్తుండె."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. సింధుజ వింటున్నది.

స్టాంపు అద్దే ఆ సిరా మెత్త ఎండిపోయి ఏళ్లయింది. కొత్తది కొనమంటే సిద్ధమ్మ రేపు చూద్దాం అనేది. దాంతో ముద్ర తేటగా వేయడం జ్ఞానేశ్వరికి తప్ప ఇంకెవరికీ రాదు. అది ఆమె ఎవరికీ చెప్పని ఒకే ఒక్క విద్య. స్టాంపు చేతిలోకి తీసుకుని కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత చెప్పింది.

"నోటి కాడ పెట్టుకొని వేడి గాలి ఊదాలమ్మా. ఊపిరి తగిలితెనే సిరా మెత్తబడ్తది. ఎడమ దిక్కునుంచి మెల్లగ ఒత్తుకుంట రావాలె."

చెప్తూనే ఊదింది. చాక్లెట్ వాసన వచ్చింది. లాస్య పేరు పక్కన, చెడిపోయిన రెండు ముద్రల కింద, మూడోది నిండు గుండ్రంగా, ఒక్క అక్షరం పోకుండా పడింది. లాస్య దాన్ని ఫోటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. హైదరాబాదునుంచి సిద్ధమ్మ పేరు మీద ఎవరో వెంటనే దండం బొమ్మ పంపారు.

మెట్ల కింద కొండవ్వ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆర్డరు ఎవరిదో ఆమెకు ముందే తెలుసు. చీరను పైనుంచి కిందికి చూసింది, కొంగు అంచున ఒక గొల్లభామ కడవ మీద సిరా మరక చూసింది.

"చీర మంచిగున్నది టీచరమ్మా. ఇయ్యాల ఏమున్నదే?"

"కొత్త మేడం కుర్చీల కూసుంటున్నది గద" అన్నది జ్ఞానేశ్వరి. "గందుకే కట్టుకున్న."

కొండవ్వ ఇంకేమీ అడగకుండా పక్కకు జరిగి దారి ఇచ్చింది. జ్ఞానేశ్వరి హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి పోయి, కుర్చీ వీపునున్న పాత తువ్వాలు తీసి, కూర్చునే జాగ దానితోనే తుడిచింది.