సుధాకరరావు వంశవృక్షం

సుధాకరరావుకి కోపమొస్తే ముందు కళ్ళజోడు తీసి బల్లమీద కొడతాడు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లోని బ్యాంకులో రిటైరైనప్పటి నుంచి, యూ టీ పేటలోని తన ఫ్లాట్‌లో కూర్చుని, స్కేలుతో గీతలు గీసి ఏడు తరాల వంశవృక్షం రాస్తున్నాడు. పెద్దల పద్ధతిలోనే, మగవాళ్ళ పేర్లతో మాత్రమే. దాన్ని డీఎన్‌ఏ టెస్టు చేయించుకున్న సైట్లోనూ ఎక్కించాడు. ఇవాళ ఆ సైటు, మలేషియాలోని ఇపోలో ఉన్న ఒక నర్సు ఆయన ముత్తాత కూతురి సంతతి కావచ్చని చూపించింది. కళ్ళజోడు బల్లమీద పడింది.

“కూతురేంటి? మా ముత్తాతకి ఇద్దరూ కొడుకులే! బుద్ధి లేని మెషీను!”

“డీఎన్‌ఏకి పేర్లు తెలీవు నాన్నా,” అంది కూతురు ఉజ్వల. “మీరిద్దరూ చుట్టాలని మాత్రమే చెప్తుంది. పేర్లు ఆ నర్సు రాసుకున్న ట్రీలోంచి సైటు తీసింది. జస్ట్ గెస్ లాహ్, అంతే.”

“అయితే అబద్ధమే! నా చార్టులో అలాంటి మనిషే లేదు!”

ఉజ్వల ముఖం ఎర్రబడింది. చార్టు లాక్కుని ఆయన ముందుకు తోసింది. “నేనున్నానా ఇందులో?”

సుధాకరరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. తన పేరు కింద, ఎర్ర సిరాతో, తన దస్తూరీలోనే ఉంది: ‘సంతానం లేదు.’