నాయనను దాచిన రెండో ఇల్లు

ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. చర్లలో నాకు ఫొటోల దుకాణం ఉందనీ, అందులో కంప్యూటర్ కూడా ఉందనీ చెబితే మా పంతుళ్ళు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. దానితో నేను చేసిన ఘనకార్యం వింటే మళ్ళీ గోడకుర్చీ వేయిస్తారు.

నాయన పోయాక ఆయన మిగిలింది అమ్మ ఫోనులోనే. ఎప్పుడో సరదాకి నేను తీసిన వీడియోలు. ఒకదాంట్లో ఇప్పపువ్వు ఏరుతూ ఫోనును కసురుకుంటాడు. ఇంకోదాంట్లో ఎద్దుకు నీళ్ళు పెడుతూ నా వైపు చూసి, "వీనికంటే నువ్వే నయం, చెప్పిన మాటన్న ఇంటవు" అని దానితో అంటాడు.

ఆ ఫోను వాగులో పడితే నాయన రెండోసారి పోతాడని భయం పట్టుకుంది. అందుకే అమ్మ ఫోనుకూ నా కంప్యూటర్‌కూ సింక్ పెట్టాను. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు. సంతరోజు అమ్మ చర్లకు వచ్చి దుకాణంలో కూర్చోగానే ఫోను వైఫై అందుకుంటుంది. అందులో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి దానంతటదే వచ్చేస్తుంది. నీ మొగుడు ఇక నా దగ్గర భద్రం అన్నాను. బతికున్నన్నాళ్ళు నీ దుకాణం గడప తొక్కని మనిషిని భలే కూర్చోబెట్టావని అమ్మ నవ్వింది.

నా మాటను నాకంటే గట్టిగా నమ్మింది. ఒక సంతరోజు బుట్ట దించి, కాసేపు సేదతీరి, చల్లగా కబురు చెప్పింది. కోడిపిల్లల్ని వీడియో తీద్దామంటే ఫోను నిండిపోయిందట, నాయనవన్నీ తీసేసిందట.

"నీ కాడ ఉన్నయి గదరా."

సింక్ అంటే అద్దం. ముందున్న మనిషి లేచిపోతే అద్దంలోనూ ఉండడు. వైఫై డబ్బా తీగ పీకడానికి ఉరికాను. అప్పటికే నాయన ఫోల్డర్ నిండా కోడిపిల్లలు తిరుగుతున్నాయి.

తీసేసినవాటిని సింక్ కొన్నాళ్ళు ఒక మూల దాస్తుందని గుర్తొచ్చి వెతికాను. అన్నీ దొరికాయి, ఇప్పపువ్వుది తప్ప. అన్నిటికంటే పొడుగుది, ఆ మూలలో పట్టలేదు. పువ్వు ఏరే ఆ చేయి ఇక ఎక్కడా లేదు.

అమ్మకు చెప్పాను. విని, నాయన విత్తనం దాచే పద్ధతి ఎత్తుకుంది. జొన్న గింజలు ఒక సొరబుర్రలో పోసి మా అటక మీద పెట్టేవాడు. ఇంకో బుర్ర వాగు అవతల మేనమామ ఇంట్లో ఉండేది.

"ఈడ ఎలుక తింటే ఆడ తక్కువైతదారా?"

ఎంతమంది ఇంగ్లీషులో చెప్పినా నా బుర్రకెక్కని ముక్క అది. సత్తుపల్లిలో అక్క ఇంట్లోని పాత కంప్యూటర్‌కు బ్యాకప్ పెట్టాను. ఇక్కడి కొత్తవి అక్కడికి పోతాయి. ఇక్కడ తీసేసినా అక్కడివి కదలవు. బావను అడిగితే, మామ వస్తానంటే వద్దంటానా అన్నాడు.

ఆ తర్వాతి సంతరోజు అమ్మ దుకాణంలో ఉండగానే అక్క ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"నాయన వచ్చాడురా. ఎద్దుతో మాట్లాడుతున్నాడు," అంది.

అమ్మ ఫోను మీదికి వంగింది.

"ఏమన్న తిన్నడానే?"