తాళానికి నూనె

ఆ పెద్దాయన గుర్తొస్తే నాకు ముందు మెషీన్ ఆయిల్ వాసనే తగులుతుంది.

భిలాయికి వచ్చిన కొత్తలో మా రెండేళ్ల పిల్లని ఆడించడానికి చోటు కోసం సెక్టర్లన్నీ తిరిగాను. సెక్టర్ 2 పార్కులో పెళ్లి షామియానా వేసి ఉంది. చివరికి సెక్టర్ 7లో ఉయ్యాల దొరికింది. దానికి గొలుసు చుట్టి తాళం వేశారు. తాళంచెవి ఆ పెద్దాయన మెడలో ఉంది. స్టీలు ప్లాంటు మెయింటెనెన్సులో రిటైరయిన శ్రీకాకుళం మనిషి, ఆ పార్కుకి తనని తానే అధ్యక్షుణ్ణి చేసుకున్నాడు.

"బాబాయిగారూ, కాసేపు తాళం తీస్తారా? పాప ఊగుతుంది."

"ఏటమ్మా, ఊగితే అరిగిపోదేటి?"

జారితే జారుడుబల్ల రంగు పోతుందట. అందుకని దాని మీద తన తువ్వాలు ఆరేసుకునేవాడు. రోజూ సాయంత్రం తాళంలో రెండు చుక్కల నూనె వేసి, తిప్పి చూసి, తుడిచి, తృప్తిగా తలాడించేవాడు. మా పిల్ల ఉయ్యాలంటే ఆ తాళమే అనుకుంది.

వేసవిలో ఆయన మనవరాలు వచ్చి, "దాదూ, ఝూలా!" అంటూ ఉయ్యాల చూపించింది. ఆయన మురిసిపోతూ తాళంచెవి తిప్పాడు. తాళం ఇట్టే ఊడొచ్చింది. పిల్లని కూర్చోబెట్టి తోశాడు. ఉయ్యాల కదల్లేదు. పైన కొక్కేలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. నూనె చుక్క వాటిదాకా ఏనాడూ వెళ్లలేదు.

ఏడుస్తున్న మనవరాల్ని దింపి, మళ్లీ తాళం వేసి, నా వైపు గుర్రుగా చూశాడు.

"చూసావా అమ్మా? పిల్లల్ని రానిస్తే ఇలాగే పాడుచేసీస్తారు."