చింతగింజలు మోసిన అగ్గిపెట్టె

"ఈ మోటారుకు కాయిలుండదు మామా, కరెంటుండదు. ప్రోటీను. అదే కాళ్ళేసుకొని నడస్తాది, మూట మోసుకొని," అంది రంజని.

"కాయిలు లేని మోటారంట. మా అంగడికి తెస్తే ఏం చుట్టేది నేను?" అన్నాడు వెంకటముని.

తిరుత్తణిలో పంపుసెట్లకు వైండింగ్ చేసే వెంకటముని ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి చూసి నేర్చుకున్నాడు. కే.జీ.కండిగైలో అక్క మునిలక్ష్మి ఇంటికి వచ్చినప్పుడల్లా మేనకోడలు రంజని చదువును కూడా విప్పి చూడాలనిపిస్తుంది అతనికి. ఆమె చెన్నైకి రైల్లో పోయి వస్తూ పరిశోధన చేస్తోంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే "ఒంటిలోపల మూటలు మోసే కూలీల గురించి" అని నవ్వేస్తుంది.

ఆ ఆదివారం నవ్వు తగ్గింది. మర్నాడు గైడు మేడంకు ఆ కూలీల నడకను కంప్యూటర్ నమూనాలో నడిపి చూపాలి. అదేమో మధ్యలోనే ఆగిపోతోంది. చేత్తో జరిపి చూద్దామని వసారాలో ముగ్గుపిండితో వరసగా గళ్ళు గీసింది. చింతగింజలు మోటార్లు. రెండు గింజల మీద అడ్డంగా పెట్టిన అగ్గిపెట్టె మూట.

"ప్రతి గింజా ముందు గడిని మాత్రమే చూస్తాది. ఖాళీగా ఉంటే అడుగేస్తాది, లేకుంటే నిలబడతాది. మూట మోసే రెండూ దూరం కాకూడదు. ఇప్పుడు ముందర ఒకటి ఇరుక్కుపొయ్యిందనుకో."

ఆ గింజను కదపకుండా వదిలేసింది. వెనక గింజలు, వాటి వెనక అగ్గిపెట్టె, అన్నీ బారుగా నిలిచాయి.

"రైలుగేటు కాడ చెరుకు ట్రాక్టర్ల మాదిరి," అన్నాడు వెంకటముని.

ఆకు నములుతూ వచ్చిన రంజని నాయనమ్మ అలమేలు గళ్ళు చూడగానే చతికిలబడింది. గళ్ళంటే ఆమెకు తాయం ఆటే; పాచికల్లో ఒకటి, అంటే తాయం, పడితేనే కాయ గళ్ళలోకి దిగుతుంది, ఎదుటి కాయ ఉన్న గడిలోకి మన కాయ చేరితే దాన్ని కొట్టి బయటికి పంపాలి. వెనక గింజను ఇరుక్కున్నదాని మీదికి జరిపి, "వెట్టు, కొట్టేసినా" అంటూ దాన్ని వాకిట్లోకి విసిరేసింది.

"అవ్వా, ఇది..." అనబోయి రంజని ఆగింది. వెంకటముని అప్పటికే గింజల్ని జరుపుతున్నాడు. అగ్గిపెట్టె కదిలింది.

"కణంలో కూడా పట్టు విడిచి పడిపోతాయి మామా," అంది మెల్లగా. "మళ్ళీ వచ్చి యాడో ఒక కాడ పట్టుకుంటాయి. విడిస్తే మూట పడిపోతాదని నమూనాలో ఆ రూలే తీసేసినాను."

"ఇంకొకటి మోస్తా ఉంటే ఎట్ట పడతాది?"

"అదే కదా."

లాప్‌టాప్ తెరిచి ఆ రూలు తిరిగి చేర్చింది. చాలాసేపటికి తెరమీది చుక్కలు రాలుతూ, మళ్ళీ అంటుకుంటూ మూటను చివరిదాకా చేర్చాయి. మునిలక్ష్మి కాఫీ తెచ్చి, ఎవరూ అందుకోకపోతే తనే తాగేసింది.

"తాయం పడకుండానే కాయలు దించినారే," అంది అలమేలు. "దొంగాట."

"మామా, నాకింకా పనుండాది," అంది రంజని తెరమీంచి కళ్ళు తీయకుండా. "అవ్వను అరుగు మీదికి పిల్చుకొని పొయ్యి సరిగ్గా ఒక ఆట ఆడు. నువ్వు ఓడిపోవాల."